వంటింటి వైద్యము

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపురము కలదు. ఒకప్పుడు అది బండరాళ్ల గుట్టల నడుమ నున్న చిన్న గ్రామము. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అచట సైబర్ టవర్సు అను పది అంతస్తుల భవనమును ప్రారంభించిరి. నాటి నుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీగా ప్రసిద్ధి చెందినది. క్రమముగా కొండాపురము, గచ్చిబౌలి, రాయదుర్గము, నానక్‌రాంగూడ మొదలగు గ్రామములన్నియు అద్దాల మేడలతో నిండిపోయినవి. అచట పనిచేయువారు దిల్‌సుఖ్‌నగరు, ఉప్పలు, సికిందరాబాదు, కూకట్‌పల్లి వంటి దూరప్రాంతముల నుండి ప్రతిదినము రాకపోకలు సాగించుచుందురు. ఉదయము కొంతసేపు, సాయంకాలము మరికొంతసేపు వారి జీవితము బస్సులలోను కార్లలోను గడచుచుండును.

అట్టి బస్సు నొకదానిని ఊహింపుడు. సాయంకాలము గచ్చిబౌలి కూడలిలో వాహనములు బారులు తీరి యున్నవి. బస్సు పది గజములు సాగును, ఆగును, మరల పది గజములు సాగును. కిటికీ చెంత గూర్చున్న ఒక యువకుడు తల వంచి చేతిలోని ఫోనులో ఏదియో చదువుచున్నాడు. కొంతసేపటికి అతనికి ఆవులింతలు వచ్చినవి. నోట నీరూరినది. నుదుట చల్లని చెమట పట్టినది. ముఖము పాలిపోయినది. కడుపులో త్రిప్పినట్లయినది. ప్రక్కనున్న ముసలమ్మ అది గమనించి, “నాయనా! ఆ ఫోను లోపల పెట్టుము. దూరముగా బయటికి చూడుము” అని, తన సంచిలోని అల్లపు మురబ్బా ముక్క నొకటి అతని చేతిలో నుంచినది. పావుగంట గడచునప్పటికి అతడు తేరుకొనినాడు.

ఆ ముసలమ్మ ఏ వైద్యకళాశాలలోను చదివినది కాదు. అయినను ఆమె చెప్పిన రెండు మాటలును శాస్త్రసమ్మతమైనవే. అవి ఏల పనిచేసినవి? ఎంతవరకు పనిచేయును? ఎచట పనిచేయవు? ఈ మూడు ప్రశ్నలకును సమాధానము తెలిసికొనుట ప్రతి గృహమునకును అవసరము.

మొట్టమొదట మాటల యర్థము గ్రహింపవలెను. కడుపులో త్రిప్పుచు, వాంతి యగునేమో అనిపించు స్థితిని వికారమందురు. ఏమియు బయటికి రాక, కడుపు మాత్రము ఎగదన్నినట్లగుట ఓకరింత. కడుపులోనిది నోటి ద్వారా బయటికి వచ్చుట వాంతి. దీనినే ఆయుర్వేద గ్రంథములు ఛర్ది యని పేర్కొనినవి. ఈ మూడింటిలో ఏదియు తనంతట తానొక వ్యాధి కాదు. ఇంటికి దొంగ వచ్చినప్పుడు కుక్క మొరుగును. మొరుగుట కుక్క దోషము కాదు. అది యజమానికి హెచ్చరిక. వికారమును అట్టి హెచ్చరికయే. చెడిన ఆహారము గాని విషము గాని కడుపులో ప్రవేశించినచో దానిని వెడలగొట్టుటకు ప్రకృతి చేసిన యేర్పాటు వాంతి.

ఈ యేర్పాటునకు అధికారస్థానము మెదడు అడుగుభాగమున, వెన్నుపాముతో కలియుచోట నున్నది. అచటికి నాలుగు మార్గముల వార్తలు చేరుచుండును. జీర్ణాశయమునకు చికాకు కలిగినచో అచటినుండి బయలుదేరు నాడి ఆ వార్తను కొనిపోవును. రక్తములో విషపదార్థము చేరినచో దానిని పసిగట్టుటకు మెదడులోనే ఒక చిన్న ప్రదేశము కలదు. చెవి లోపలిభాగము నుండి శరీరపు కదలికలను గూర్చిన వార్త చేరును. ఇక నాలుగవది మనస్సు. దుర్వాసన సోకినను, జుగుప్స కలిగించు దృశ్యము చూచినను, పరీక్షాభయము పట్టుకొనినను కొందరికి కడుపులో త్రిప్పుట ఈ కారణముననే.

బస్సులోని యువకునికి కలిగిన వికారము మూడవ మార్గమున వచ్చినది. మన లోచెవిలో ద్రవముతో నిండిన మూడు అర్ధవలయాకారపు నాళములు కలవు. తల త్రిప్పినప్పుడు వానిలోని ద్రవము కదలి, ఏ దిక్కునకు ఎంత తిరిగినదియు మెదడునకు తెలుపును. వాని చెంతనే సున్నపురాయి వంటి సూక్ష్మకణములతో కూడిన మరి రెండు అవయవములు ఉండి, ముందునకు వెనుకకు, పైకి క్రిందికి జరుగు కదలికలను తెలుపును. ఈ యంత్రాంగమును గూర్చి చేసిన పరిశోధనలకు రాబర్ట్ బారానీ అను వైద్యునకు 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించినది.

బస్సు సాగుచు, ఆగుచు, మలుపులు తిరుగుచుండగా లోచెవి “శరీరము కదలుచున్నది” అని మెదడునకు చెప్పును. ఫోనుపై నిలిచిన కన్నులు మాత్రము “ఏదియు కదలుట లేదు” అని చెప్పును. ఇద్దరు సాక్షులు ఒకరి కొకరు విరుద్ధముగా సాక్ష్యము పలికినచో న్యాయాధిపతికి ఎట్టి సందిగ్ధము కలుగునో, మెదడునకును అట్టిదే కలుగును. ఆ సందిగ్ధము వాంతిగా ఏల పరిణమింపవలెను? ట్రీస్మన్ అను శాస్త్రవేత్త 1977వ సంవత్సరమున దీనికొక యుక్తి చెప్పెను. పూర్వము మానవునకు వాహనములు లేవు. కన్నును చెవియు వేర్వేరు వార్తలు చెప్పుట విషఫలమేదైన తినినప్పుడే సంభవించెడిది. కావున మెదడు ఇప్పటికిని అట్టి సందర్భమున విషము లోపలికి పోయినదని భావించి, దానిని వెడలగొట్టుటకు ఆజ్ఞ యిచ్చునని అతని యూహ. ఇది యూహయే యైనను చాలమంది దీనిని ఆదరించిరి. లోచెవి పూర్తిగా పనిచేయనివారికి ప్రయాణములో వికారము కలుగదనుట మాత్రము పరీక్షలలో రుజువైన సత్యము.

వాహనము నడపువానికి వికారము అరుదు. మలుపు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు ఆపవలెనో అతనికి ముందుగనే తెలియును. అతని కన్నులు దారిపైననే యుండును. అతని వెనుక గూర్చుండి చదువుకొనువానికే బాధ యెక్కువ. కదలికలలో కూడ అన్నియు ఒకే తీరున బాధింపవు. సుమారు అయిదు సెకనుల కొకసారి మెల్లగా ఊగునట్టి కదలిక మిక్కిలి వికారము కలిగించునని కనుగొనిరి. సముద్రముపై ఓడ ఊగుట, రద్దీలో వాహనము సాగుచు ఆగుచుండుట ఇంచుమించుగా ఇట్టివే. రెండు సంవత్సరముల లోపు శిశువులకు ఈ బాధ అరుదు. ఆ పిమ్మట పండ్రెండు సంవత్సరముల వయస్సు వరకు పిల్లలకు ఇది యెక్కువగా నుండి, తరువాత క్రమముగా తగ్గును. కావున బడి బస్సులో వాంతి చేసికొనిన బాలుని చూచి తోటివారు పరిహసించుట అవివేకము. అది అతని బలహీనత కాదు, వయోధర్మము.

కారణము తెలిసినచో ఉపాయము తోచును. మొదటి ఔషధము ఖర్చు లేనిది. పుస్తకమును ఫోనును మూయవలెను. కిటికీ గుండ దూరముననున్న చెట్టునో గుట్టనో ఆకాశపు అంచునో చూడవలెను. అప్పుడు కన్నును చెవియు ఒకే మాట చెప్పును. బస్సులో వెనుక భాగము ఎక్కువగా ఊగును. కనుక ముందు భాగమున, ప్రయాణించు దిక్కునకు మొగమై కూర్చుండవలెను. తలను వెనుకకు ఆనించి కదలకుండ నుంచవలెను. చల్లగాలి సోకునట్లు చూచుకొనవలెను. బయలుదేరునప్పుడు కడుపు నిండుగా గాని పూర్తిగా ఖాళీగా గాని ఉండరాదు. రెండు ఇడ్డెనలు తినినచో చాలును. 2019వ సంవత్సరము మార్చి నెలలో అమీరుపేట నుండి హైటెక్ సిటీ వరకును, ఆ యేడు నవంబరులో రాయదుర్గము వరకును మెట్రో రైలు నడచుట ప్రారంభమైనది. రద్దీలో క్షణమున కొకసారి ఆగు పని లేనందున, వికారమునకు లోనగువారికి అట్టి ప్రయాణము మేలు.

రెండవ ఔషధము అల్లము. శొంఠి లేని కషాయము లేదని తెలుగువారి సామెత. అల్లము నెండబెట్టినచో శొంఠి యగును. దానికి సంస్కృతమున విశ్వభేషజమనియు, మహౌషధమనియు పేర్లు కలవు. అల్లములోని ఘాటునకు జింజెరాలు అను పదార్థము కారణము. అల్లము ఎండినప్పుడు దానిలో కొంత షోగాలు అను మరియొక ఘాటైన పదార్థముగా మారును. ఇవి జీర్ణాశయమును, అచటి నాడుల సంకేతములను ప్రభావితము చేసి వికారమును తగ్గించునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

1982వ సంవత్సరమున లాన్సెట్ అను ప్రఖ్యాత వైద్యపత్రికలో ఒక ప్రయోగము ప్రకటింపబడినది. ప్రయాణములో వికారమునకు సులభముగా లోనగు 36 మంది విద్యార్థులను ఎన్నుకొనిరి. కొందరికి శొంఠిపొడిని, కొందరికి వాడుకలోనున్న మాత్రను, కొందరికి మందు లేని ఉత్తి పొడిని ఇచ్చి, కన్నులకు గంతలు కట్టి తిరుగు కుర్చీలో గూర్చుండబెట్టిరి. శొంఠి తినినవారు అందరికంటె ఎక్కువసేపు తట్టుకొనిరి. తరువాతి కాలమున జరిగిన ప్రయోగములన్నియు ఇట్లే ఫలింపలేదు. కొన్నిటిలో అల్లము విశేషగుణమేమియు చూపలేదు. గర్భిణులకు కలుగు వేవిళ్ల విషయమున మాత్రము పలు పరీక్షలలో అల్లము ఉపశమనము కలిగించినట్లు తేలినది. దీనిని బట్టి అల్లము మంచి మందే యైనను మంత్రము కాదని గ్రహింపవలెను.

దీనిని వాడు విధము సులభము. బొటనవ్రేలి గోరంత అల్లపు ముక్కను చిదిపి, గిన్నెడు నీటిలో అయిదు నిమిషములు మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా గ్రుక్క గ్రుక్కగా త్రాగవలెను. లేదా సన్నని అల్లపు ముక్కకు ఉప్పు అద్ది మెల్లగా నమలవలెను. చిటికెడు శొంఠిపొడిని మజ్జిగలో కలుపుకొనవచ్చును. బస్టాండులలో అమ్ము అల్లపు మురబ్బా ప్రయాణమునకు అనువైనది. కాని మేలు చేయుననెడి ఆశతో ఎక్కువగా తినినచో గుండెలలో మంట పుట్టును. రక్తము పలుచబడుటకు మందులు వాడువారును, గర్భిణులును వైద్యుని అడిగియే వాడవలెను.

వంటింటిలో మరికొన్ని కలవు. నిమ్మకాయను కోసి వాసన చూచుట, ఉప్పు పంచదార కలిపిన నిమ్మరసమును కొద్దికొద్దిగా త్రాగుట చాలమందికి హాయి గొలుపును. జీలకర్రను గాని ధనియములను గాని నీటిలో మరిగించి త్రాగుదురు. భోజనానంతరము కలుగు వికారమునకు ఏలకి గింజలను నములుదురు. పుదీనా ఆకు కడుపులోని కండరముల బిగువును సడలించును. వీనిని గూర్చి అల్లమును గూర్చి జరిగినన్ని పరీక్షలు జరుగలేదు. అయినను మితముగా వాడినచో హాని చేయవు; తరతరముల అనుభవము వీనికి అండగా నున్నది.

చరకసంహిత సూత్రస్థానము నాలుగవ అధ్యాయమున ఔషధములను ఒక్కొక్క ప్రయోజనమునకు పదేసి చొప్పున ఏబది వర్గములుగా విభజించి చెప్పిరి. వానిలో వాంతిని ఆపు వర్గము ఒకటి. నేరేడు చిగుళ్లు, మామిడి చిగుళ్లు, మాదీఫలము, పుల్లరేగు, దానిమ్మ, యవలు, వట్టివేరు, పేలాలు మున్నగునవి అందు చేరినవి. ఆశ్చర్యమేమనగా అల్లము ఈ వర్గమున లేదు. జఠరాగ్నిని పెంచు వర్గమున నున్నది. ఇక పేలాలను గమనింపుడు. వేగిన ధాన్యము తేలికగా జీర్ణమగును. పేలాలు నానిన నీరు, పలుచని గంజి రోగికి పట్టుట మన పల్లెలలో నేటికిని కలదు. నీరు, కొంత పిండిపదార్థము, చిటికెడు ఉప్పు కలిసిన ఆ పానీయము నేటి వైద్యులు చెప్పు ఉపదేశమునకు చాల దగ్గరగా నున్నది.

ఇంతకు మించినదొకటి కలదు. వాంతి వలన కలుగు నిజమైన అపాయము కడుపు ఖాళీ యగుట కాదు. శరీరములోని నీరును లవణములును నశించుట. వాంతులతోపాటు విరేచనములు కూడ అగుచున్నచో ఈ నష్టము త్వరగా జరుగును. చిన్నపిల్లలకు అది ప్రాణాంతకము. 1971వ సంవత్సరమున బంగ్లాదేశ యుద్ధసమయమున లక్షలాది శరణార్థులు పశ్చిమబెంగాలునకు వచ్చిరి. బనగావ్ శిబిరమున కలరా వ్యాపించినది. నరముల ద్వారా ఎక్కించు సెలైను సీసాలు చాలకపోయినవి. అప్పుడు డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించిరి. నూటికి ముప్పదిమంది మరణించుచున్నచోట, ఈ చికిత్స పొందినవారిలో మరణములు నూటికి నలుగురి కంటె తక్కువకు దిగినవి. ఆయన 2022వ సంవత్సరమున మరణించిరి. మరుసటి యేడు భారతప్రభుత్వము ఆయనకు మరణానంతరము పద్మవిభూషణ బిరుదము నొసగినది.

ఉప్పునీటిలో చక్కెర యేల? చిన్నప్రేగు గోడలో ఉప్పును గ్లూకోజును జంటగా లోనికి కొనిపోవు ద్వారములు కలవు. అవి రెండును పోవునప్పుడు వాని వెంట నీరును పోవును. అయితే చక్కెర మితిమీరినచో ఫలము తలక్రిందులగును. అది శరీరములోని నీటినే ప్రేగులోనికి లాగి విరేచనములను హెచ్చించును. కావున కొలత ముఖ్యము. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. పొట్లము దొరకనిచో కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెరను, అర చిన్న చెంచా ఉప్పును కలుపవలెను. చెంచాలు తలకొట్టి కొలువవలెను గాని కుప్పగా పోయరాదు. కలిపిన నీటిని ఒక దినమునకు మించి నిలువ నుంచరాదు.

ఈ కొలతను గూర్చి హైదరాబాదు నగరముననే ఒక పోరాటము జరిగినది. చక్కెర మిక్కుటముగా గల కొన్ని తీపి పానీయములు ఓ.ఆర్.ఎస్. అను అక్షరములతో అంగళ్లలో అమ్ముడుపోవుచుండెను. తల్లిదండ్రులు వానిని మందని నమ్మి, వాంతులు విరేచనములతో బాధపడు పిల్లలకు పట్టుచుండిరి. పిల్లల వైద్యురాలైన డాక్టరు శివరంజని సంతోష్ ఇది పిల్లలకు అపాయమని సుమారు ఎనిమిది సంవత్సరములు పోరాడిరి. న్యాయస్థానమునకు గూడ వెళ్లిరి. తుదకు 2025వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆహార భద్రతను పర్యవేక్షించు కేంద్రసంస్థ, సరియైన కొలతలతో చేయని పానీయములపై ఆ పేరు వాడరాదని ఆదేశించినది. సీసాపై నున్న పేరును గాక, దానిలోనున్న పదార్థమును చదువవలెనని దీనివలన తేలుచున్నది.

వాంతి యైన వెంటనే చెంబెడు నీరు త్రాగించుట పొరపాటు. అది మరల బయటికి వచ్చును. పది నిమిషములు ఆగి, చిన్న చెంచాతో రెండు మూడు నిమిషముల కొకసారి పట్టవలెను. కడుపు కుదుటపడిన పిమ్మట గంజియు, మెత్తని అన్నములో మజ్జిగయు, అరటిపండును ఇవ్వవచ్చును. లంఖణము పరమౌషధమని పెద్దలనిరి. ఆ మాట భారమైన ఆహారమునకే వర్తించును, నీటికి వర్తింపదు. నూనెలో వేచినవి, మసాలాలు, కాఫీ, తీపి చల్లపానీయములు అప్పుడు తగవు.

ఇక వంటింటి వైద్యమునకు ఎల్ల యెచటనో తెలిసికొనవలెను. వాంతిలో రక్తము గాని పచ్చని పసరు గాని కనబడినచో, కడుపులో తీవ్రమైన నొప్పి యున్నచో, తలకు దెబ్బ తగిలిన పిమ్మట వాంతులైనచో, జ్వరము తలనొప్పితోపాటు మెడ బిగిసినచో, కన్నులు పచ్చబడినచో ఆలస్యము చేయరాదు. త్రాగిన ప్రతి గ్రుక్కయు బయటికి వచ్చుచున్నను, ఆరు గంటలుగా మూత్రము రాకున్నను, పిల్లవాడు మత్తుగా పడియున్నను అట్లే. వేసవి యెండలో వాంతితోపాటు ఒడలు కాలిపోవుచు మాట తడబడినచో అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి విసరుచు, 108కి ఫోను చేయవలెను. ఆ అంబులెన్సు సేవ 2005వ సంవత్సరమున హైదరాబాదులోనే ప్రారంభమైనది. కిరోసిను గాని ఆమ్లము గాని పొరపాటున త్రాగినవానిచే వాంతి చేయింప యత్నింపరాదు. అది పైకి వచ్చునప్పుడు ఊపిరితిత్తులలోనికి పోవును. లేదా గొంతును మరల కాల్చును. అట్టి సమయమున అల్లమును నిమ్మకాయను వెదకుచు కూర్చుండుట ప్రాణమును పోగొట్టుటయే యగును.

అద్దాల మేడలలో కూర్చుండి సముద్రముల కావలి దేశములతో క్షణములో సంభాషించు యువకుని లోచెవియు, ఎడ్లబండిలో జాతరకు పోయిన అతని తాతగారి లోచెవియు ఒక్కటే. వాహనములు మారినవి గాని శరీరధర్మము మారలేదు. కావుననే ముసలమ్మ సంచిలోని మురబ్బా ముక్కకు నేటికిని విలువ కలదు. అయితే బస్సులోని యువకునికి ఆ రాత్రి జ్వరము వచ్చి, వాంతులు ఆగకున్నచో, ఆ ముసలమ్మయే “ఇక నా మురబ్బా చాలదు నాయనా, ఆసుపత్రికి పొమ్ము” అని చెప్పియుండును. మందు తెలిసియుండుట సగము వైద్యము. ఆ మందు ఎచట చాలదో తెలిసియుండుట మిగిలిన సగము.